మొత్తం ఒకటి కావాలన్న షరతు: తరంగ ప్రమేయం, దాని సగటులపై నూరేళ్ల చర్చ

క్వాంటం యాంత్రికశాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థి మొదట చేసే లెక్కలు రెండు. తరంగ ప్రమేయం సైను నార్మలైజ్ చేయడం మొదటిది. సై పరిమాణపు వర్గాన్ని స్థలమంతటా సమాకలనం చేస్తే ఒకటి వచ్చేలా ముందున్న స్థిరాంకాన్ని తేల్చాలి. స్థానానికో ద్రవ్యవేగానికో శక్తికో ఎక్స్‌పెక్టేషన్ విలువ కట్టడం రెండోది. ఆ రాశికి చెందిన ఆపరేటర్‌ను సై మీద ప్రయోగించి, వచ్చినదాన్ని సై సంయుగ్మంతో గుణించి సమాకలనం చేయాలి. ఒకే స్థితిలో సిద్ధం చేసిన ఎన్నో కణాల మీద ఆ రాశిని కొలిస్తే వచ్చే సగటు అది. మన బీఎస్సీ ప్రశ్నపత్రాల్లో పెట్టెలోని కణం పేరుతో ఈ రెండు లెక్కలూ తరచూ జంటగా వస్తాయి. అర పేజీలో జవాబు తేలిపోతుంది.

పరీక్షలో అర పేజీ పట్టే ఈ పనిమీద భౌతికశాస్త్రజ్ఞులు, గణితజ్ఞులు, తత్వవేత్తలు నూరేళ్లుగా వాదించుకుంటున్నారు. వాదన ఇంత చిక్కుపడటానికి కారణం ఉంది. దాని లోపల నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆ ‘ఒకటి’ దేని మొత్తం? మొత్తం కట్టడానికే వీల్లేని తరంగాలను ఏం చేయాలి? మొత్తం ఒకటైనంత మాత్రాన ప్రతి రాశికీ సగటు దొరుకుతుందా? సంభావ్యతకు సై వర్గమే కొలబద్ద ఎందుకయింది? ఒకదానికి చెప్పిన జవాబును ఇంకొకదానికి జవాబుగా తీసుకోవడం పాఠ్యపుస్తకాల్లోనూ పరిశోధన వ్యాసాల్లోనూ కనిపిస్తుంది. వీటిలో మూడోదానికి అందవలసినంత శ్రద్ధ అందలేదని ఈ వ్యాసం అభిప్రాయం. అందుకే దానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఆవేశం మొత్తమా, అవకాశం మొత్తమా

1926 తొలి ఆరు నెలల్లో ఎర్విన్ ష్రోడింగర్ ‘అనాలెన్ డెర్ ఫిజిక్’ పత్రికకు నాలుగు భాగాల పత్రం పంపాడు. నాలుగో భాగంలో సై వర్గపు సమాకలని కాలంతో పాటు మారదని నిరూపించాడు. ఒకసారి నార్మలైజ్ చేసిన ప్రమేయం ఎప్పటికీ నార్మలైజ్ అయ్యే ఉంటుందని నేడు తరగతిలో చెప్పే మాట ఇదే. కానీ ష్రోడింగర్ మనసులో సంభావ్యత అన్న ఊహ లేదు. ఎలక్ట్రాన్ ఆవేశం స్థలంలో పరుచుకుని ఉంటుందనీ, ఎక్కడ ఎంత పరుచుకుందో సై వర్గం చెబుతుందనీ ఆయన భావించాడు. ఆయన లెక్కలో మొత్తం మారకపోవడమంటే ఆవేశం చెక్కుచెదరకపోవడం.

ఈ భావానికి రెండు అడ్డంకులు వెంటనే ఎదురయ్యాయి. స్వేచ్ఛగా వదిలిన తరంగపు మూట కాలం గడిచేకొద్దీ వెడల్పవుతూ పోతుంది. వయసు మీరిన హెండ్రిక్ లోరెంజ్ ఉత్తరం రాసి మరీ ఈ సంగతి ష్రోడింగర్ దృష్టికి తెచ్చాడు. ఎలక్ట్రాన్ మాత్రం ఎక్కడ పట్టినా ముక్కగా దొరకదు, పూర్తిగానే దొరుకుతుంది. ఇక రెండు ఎలక్ట్రాన్లుంటే సై నివసించేది మూడు కొలతల స్థలంలో కాదు, ఆరు కొలతల స్థలంలో. ఆరు కొలతల్లో పరుచుకున్న ఆవేశమంటే ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు.

అదే ఏడాది జూన్‌లో గోటింగెన్‌లో మాక్స్ బోర్న్ అభిఘాతాలపై చిన్న పత్రం రాశాడు. ఎలక్ట్రాన్ పరమాణువును ఢీకొట్టి ఏ దిక్కుకు పోతుందో సమీకరణం చెప్పదు, ఏ దిక్కుకు పోవడానికి ఎంత అవకాశముందో మాత్రం చెబుతుంది అన్నది అందులోని సారం. మూల పాఠంలో ఆ అవకాశాన్ని తరంగ గుణకమే ఇస్తుందని రాశాడు. ప్రూఫులు దిద్దేటప్పుడు, జాగ్రత్తగా చూస్తే గుణకపు వర్గం తీసుకోవాలని పాదసూచిక చేర్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల తరవాత, 1954లో, ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టిన నియమం లోకానికి మొదట తెలిసింది ఆ పాదసూచికలోనే. 1927లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ దాన్ని కణాల స్థానాలకు వర్తింపజేశాడు. పాల్ డిరాక్, పాస్కువల్ జోర్డాన్ కొలవదగిన ప్రతి రాశికీ విస్తరించారు.

జాన్ వాన్ నాయ్‌మన్ 1932 నాటి గ్రంథంలో వరస తిరగేశాడు. బోర్న్ సంభావ్యతతో మొదలుపెట్టి సగటుకు చేరితే, వాన్ నాయ్‌మన్ సగటుతోనే మొదలుపెట్టాడు. రెండు రాశుల మొత్తానికి సగటు, వాటి సగటుల మొత్తమే కావాలి అన్నది ఆయన పెట్టుకున్న షరతుల్లో ఒకటి. దాని నుంచి నేటి సగటు సూత్రాన్ని రాబట్టాడు. అక్కడితో ఆగకుండా, క్వాంటం సిద్ధాంతం వెనుక దాగిన చలరాశులు ఉండే వీలే లేదనీ తేల్చేశాడు. 1935లో గ్రెటె హెర్మన్ ఈ వాదనలో లోపం పట్టుకుంది. పట్టించుకున్నవాళ్లు లేరు. 1966లో జాన్ బెల్ అదే లోపాన్ని సొంతంగా ఎత్తి చూపాక గాని చర్చ మళ్లీ తెరుచుకోలేదు. స్పిన్ ఉదాహరణతో విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పౌలీ లెక్కలో ఎక్స్ దిశ స్పిన్ కొలిస్తే +1 లేదా −1 వస్తుంది. వై దిశలోనూ అంతే. రెండింటి మొత్తానికి చెందిన ఆపరేటర్‌ను కొలిస్తే మాత్రం వచ్చేది +1.414 లేదా −1.414. విడి ఫలితాలు కూడవు, సగటులు కూడతాయి. సగటులు కూడటం క్వాంటం స్థితులకున్న గుణం. దాగిన స్థితులంటూ ఉంటే వాటికీ ఆ గుణం ఉండితీరాలని శాసించడానికి తర్కంలో ఆధారం లేదు.

హైడ్రోజన్ మీద పరీక్ష

సగటు అంటే ఏమిటో, ఏది కాదో చూడటానికి హైడ్రోజన్ భూస్థితి కంటే మంచి తావు లేదు. కేంద్రకం నుంచి దూరం పెరిగేకొద్దీ సై ఘాతీయంగా తగ్గుతుంది. ఎంత దూరంలో ఎంత తగ్గుతుందో నిర్ణయించేది బోర్ వ్యాసార్ధం, 0.529 ఆంగ్‌స్ట్రామ్‌లు. నార్మలైజేషన్ షరతు ముందున్న స్థిరాంకాన్ని తేల్చేస్తుంది. ఇప్పుడు ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఎంత దూరంలో ఉంది అని అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఎక్కువ అవకాశమున్న దూరం సరిగ్గా ఒక బోర్ వ్యాసార్ధం. దూరపు సగటు ఒకటిన్నర. దూరపు వర్గానికి సగటు కట్టి వర్గమూలం తీస్తే 1.73. మూడూ ఒకే సై నుంచి వచ్చినవే, మూడూ సరైనవే. దూరపు విలోమానికి సగటు కడితే ఒకటిన్నరకు విలోమం రాదు, సరిగ్గా ఒకటి వస్తుంది. స్థితిశక్తి ఆ విలోమం మీదే ఆధారపడుతుంది కాబట్టి దాని సగటు −27.2 ఎలక్ట్రాన్ వోల్టులు. గతిశక్తి సగటు +13.6. కలిపితే −13.6, అందరికీ తెలిసిన భూస్థితి శక్తి. మొత్తం శక్తిని ఎన్నిసార్లు కొలిచినా అదే వస్తుంది, అందులో చెదురు లేదు. స్థితిశక్తి, గతిశక్తి విడివిడిగా మాత్రం చెదిరే ఉంటాయి.

పెట్టెలోని కణం ఇంకో సంగతి చూపుతుంది. రెండో శక్తి స్థాయిలో స్థానపు సగటు సరిగ్గా పెట్టె మధ్యబిందువు. అక్కడే సై సున్నా. సగటు చూపించే చోట కణం దొరికే అవకాశం అసలు లేదన్నమాట. మొదటి స్థాయిలో స్థానపు ప్రామాణిక విచలనం పెట్టె పొడవులో 0.181 వంతు. దీన్ని ద్రవ్యవేగపు విచలనంతో గుణిస్తే 0.568 హెచ్-బార్ (ప్లాంక్ స్థిరాంకాన్ని 2π తో భాగించినది) వస్తుంది. ఎర్ల్ కెన్నార్డ్ 1927లో నిరూపించిన కనీస హద్దు 0.5 హెచ్-బార్‌కు ఇది కొంచెం పైన ఉంది. హైజెన్‌బర్గ్ అంచనాగా చెప్పిన అనిశ్చితత్వానికి సగటుల భాషలో కచ్చితమైన రూపమిచ్చినవాడు కెన్నార్డే.

అదే 1927లో పౌల్ ఎహ్రెన్‌ఫెస్ట్ సగటులు న్యూటన్ సూత్రాల్లాంటివాటిని పాటిస్తాయని చూపాడు. సగటు దారి మామూలు కణపు దారేనని దీన్నిబట్టి అనుకోవడం తొందరపాటు. సమీకరణంలో ఉండేది బలపు సగటు, సగటు స్థానంలోని బలం కాదు. స్ప్రింగు లాంటి సరళ బలాలకు ఈ రెండూ ఒకటవుతాయి. తక్కిన చోట్ల దారులు వేరుపడతాయి.

ఒకటి కాలేని తరంగాలు

నిశ్చితమైన ద్రవ్యవేగంతో స్వేచ్ఛగా పోయే కణపు తరంగానికి సై వర్గం అన్నిచోట్లా సమానం. స్థలమంతటా కూడితే అనంతం. దీన్ని ఏ స్థిరాంకంతో భాగించినా ఒకటి రాదు. వందేళ్లలో దీనికి ప్రధానంగా మూడు దారులు వచ్చాయి.

తరంగాన్ని పెద్ద పెట్టెలో పెట్టి, అంచుల్ని కలిపేసి, లెక్కంతా అయ్యాక పెట్టెను అనంతానికి పెంచడం ఒక దారి. ఘనపదార్థాల శాస్త్రంలోనూ క్షేత్ర సిద్ధాంతంలోనూ రోజువారీ పని దీనితోనే సాగుతుంది. చివరి జవాబులో పెట్టె పొడవు కొట్టుకుపోతే లెక్క సరిగా ఉందని లెక్క. డిరాక్ దారి రెండోది. రెండు తరంగాల అతివ్యాప్తి ఒకటి కానక్కరలేదు, డెల్టా ప్రమేయమైతే చాలు. రాత సులువు, జవాబు త్వరగా వస్తుంది. అయితే ఒక బిందువు దగ్గర అనంతమై తక్కిన చోట సున్నా అయ్యే వస్తువును ప్రమేయమంటే వాన్ నాయ్‌మన్ ఒప్పుకోలేదు. అటువంటివాటి ఊసు లేకుండానే సిద్ధాంతమంతా కట్టి చూపాడు. మూడో దారి అన్నిటికంటే నిరాడంబరమైనది: అనంత తరంగమన్నది ప్రకృతిలో లేదు, ఉన్నది ఎంతో కొంత వెడల్పున్న తరంగపు మూట, నార్మలైజ్ చేయవలసింది దాన్నే.

పోల్చి చూస్తే మొదటి దారిలో హద్దు తీసుకునే పని మిగిలిపోతుంది, రెండోదానికి గణిత పునాది బాకీ ఉంటుంది, మూడోదాంట్లో లెక్క బరువెక్కుతుంది. ఆ బాకీని లోరాన్ ష్వార్ట్జ్ వితరణల సిద్ధాంతం, ఆ తరవాత ఇజ్రాయిల్ గెల్ఫాండ్ బృందం కట్టిన విస్తృత హిల్బర్ట్ అంతరాళం చాలామట్టుకు తీర్చాయి. అక్కడ సమతల తరంగాలకు చోటుంది, స్థితులుగా మాత్రం గుర్తింపు లేదు. స్థితుల్ని విడగొట్టి చూడటానికి పనికొచ్చే ఆధారాలవి. ఈ మూడు దారుల మధ్య తగువు నిజానికి ముగిసిపోయింది. ఏది ఎక్కడ వాడాలన్నది సౌకర్యాన్ని బట్టి పోతుంది.

ముగియని తగువు వేరే ఉంది. 1928లో జార్జ్ గామో ఆల్ఫా క్షయాన్ని తరంగ యాంత్రికంతో వివరించాడు. అదే ఏడాది గర్నీ, కాండన్ స్వతంత్రంగా అదే వివరణకు వచ్చారు. గామో తీసుకున్న స్థితికి శక్తి సంకీర్ణ సంఖ్య. దాని ఊహాభాగం క్షయపు వేగాన్ని చెబుతుంది. కానీ అలాంటి స్థితి దూరం పోయేకొద్దీ తగ్గదు, ఘాతీయంగా పెరుగుతుంది. డెల్టా ప్రమేయం కూడా దీన్ని కాపాడలేదు. 1960 ప్రాంతంలో యాకోవ్ జెల్డోవిచ్ ఒక దిద్దుబాటు చూపాడు, 1968లో టోర్ బెర్గ్రెన్ దాన్ని విస్తరించాడు. వీళ్ల పద్ధతిలో సంయుగ్మం తీసుకోకుండా సైను దానితోనే గుణిస్తారు, కాబట్టి నార్మలైజేషన్ అంకె కూడా సంకీర్ణమే కావచ్చు. అప్పుడు సగటు కూడా సంకీర్ణమవుతుంది. అలాంటి సగటుకు అర్థమేమిటన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. కాంతి కారిపోయే సూక్ష్మ కుహరాల అధ్యయనంలో 2010ల తరవాత ఇదే ప్రశ్న కొత్త వేషంలో వచ్చి, ఏ నార్మలైజేషన్ సరైనదని గట్టి వాదోపవాదాలకు దారితీసింది.

దీనికి పూర్తిగా ఎదురుగా, మొత్తం ఒకటిగా నిలవకపోవడాన్నే పనిముట్టుగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1954లో ఫెష్‌బాక్, పోర్టర్, వైస్‌కాఫ్ న్యూట్రాన్లు కేంద్రకంతో జరిపే అభిఘాతాలకు సంకీర్ణ స్థితిశక్తిని వాడారు. అందులో మొత్తం కాలంతో తగ్గుతుంది. తగ్గిన భాగం కేంద్రకం మింగేసిన న్యూట్రాన్ల లెక్క.

సగటు అడిగే అదనపు షరతు

ఇప్పుడు మూడో ప్రశ్న. నార్మలైజ్ అయ్యే ప్రతి ప్రమేయానికీ ప్రతి రాశికీ సగటు ఉంటుందని పాఠాలు చెప్పవు, కానీ ఉంటుందన్న భావం కలిగేలా చెబుతాయి. సై వర్గం, దూరపు వర్గానికి ఒక స్థిరాంకం కలిపి విలోమం తీసిన రూపంలో ఉందనుకుందాం. దాన్ని నిక్షేపంగా నార్మలైజ్ చేయవచ్చు. స్థానపు వర్గానికి సగటు కట్టబోతే మాత్రం అనంతం. స్థానపు సగటుకే నిర్దిష్టమైన విలువ లేదు, ఎడమ కుడి అంచుల్ని ఎలా అనంతానికి తీసుకెళితే అలా మారిపోతుంది.

ఇది కృత్రిమంగా అల్లిన ఉదాహరణ అనిపిస్తే మళ్లీ హైడ్రోజన్ దగ్గరికే వెళదాం. భూస్థితిలో ద్రవ్యవేగపు నాలుగో ఘాతానికి సగటు, పరమాణు ప్రమాణాల్లో, సరిగ్గా 5. సాపేక్షతా సవరణలో మొదటి అంశానికి కావలసింది అదే. ఆరో ఘాతానికి సగటు అనంతం. కేంద్రకం దగ్గర సైకి ఉన్న కొస ఇందుకు కారణం. ఆ కొస వల్ల పెద్ద ద్రవ్యవేగాల అవకాశం కావలసినంత వేగంగా తగ్గదు. అందుకే సాపేక్ష గతిశక్తిని శ్రేణిగా విడగొట్టి అంశం తరవాత అంశం సగటు కడుతూ పోతే రెండో మెట్టు మీదే లెక్క కూలుతుంది. శ్రేణిగా విడగొట్టకుండా డిరాక్ 1928 సమీకరణాన్ని నేరుగా సాధిస్తే శక్తికి ఏ ఇబ్బందీ రాదు. కేంద్రకానికి పరిమాణముందని లెక్కలోకి తెస్తే కొస మొద్దుబారి ఆరో ఘాతపు సగటు పరిమితమవుతుంది. అప్పుడు దాని విలువను నిర్ణయించేది కేంద్రకపు పరిమాణమే.

ఇంతకంటే ఇబ్బందికరమైన ఉదాహరణ పెట్టెలోనే ఉంది. గణిత భౌతికశాస్త్రంలో దీని గురించి తెలిసినంతగా తరగతి గదుల్లో తెలియదు. గోడల దగ్గర సున్నా అయ్యే అతి సులువైన ప్రమేయం ఒక పరావలయం: ఎక్స్‌ను, పెట్టె పొడవులోంచి ఎక్స్ తీసేస్తే మిగిలేదానితో గుణించినది. దీన్ని నార్మలైజ్ చేసి శక్తి సగటు కడదాం. హెచ్-బార్ వర్గాన్ని కణ ద్రవ్యరాశితోనూ పెట్టె పొడవు వర్గంతోనూ భాగిస్తే వచ్చేదాన్ని ఒక యూనిట్ అనుకుంటే, సగటు సరిగ్గా 5 యూనిట్లు. భూస్థితి శక్తి 4.935. అంటే పరావలయం భూస్థితికి చాలా దగ్గర. శక్తి కొలిస్తే భూస్థితి విలువే వచ్చే అవకాశం 99.86 శాతం.

శక్తి ఎంత చెదురుతుందో చూడాలంటే శక్తి వర్గానికి సగటు కావాలి. శక్తి ఆపరేటర్‌ను రెండుసార్లు వరసగా ప్రయోగించాలి. ఆపరేటర్‌లో ఉన్నది రెండో అవకలజం. పరావలయానికి రెండో అవకలజం స్థిరాంకం, స్థిరాంకానికి రెండో అవకలజం సున్నా. కాబట్టి శక్తి వర్గపు సగటు సున్నా. దానిలోంచి సగటు వర్గం 25 తీసేస్తే వచ్చే విస్తృతి −25. విస్తృతి రుణాత్మకం కావడం అసాధ్యం. ఇప్పుడు ఇంకో దారిలో వెళదాం. ఆపరేటర్‌ను ఎడమ సై మీద ఒకసారి, కుడి సై మీద ఒకసారి ప్రయోగిస్తే శక్తి వర్గపు సగటు 30, విస్తృతి 5. పరావలయాన్ని శక్తి స్థాయిలుగా విడగొట్టి, ఒక్కో స్థాయి శక్తి వర్గాన్ని దాని సంభావ్యతతో గుణించి కూడినా సరిగ్గా 30 వస్తుంది. జవాబు 30 అనడంలో సందేహం లేదు.

మొదటి దారి ఎక్కడ తప్పింది? ఆపరేటర్‌ను ఒకసారి ప్రయోగించగానే వచ్చిన స్థిరాంక ప్రమేయం గోడల దగ్గర సున్నా కాదు. పెట్టెలోని శక్తి ఆపరేటర్‌కు అలాంటి ప్రమేయాల మీద అధికారం లేదు. రెండోసారి దాన్ని ప్రయోగించడమే చెల్లదు. ఆపరేటర్ అంటే అవకలన సూత్రం ఒక్కటే కాదు, ఏ ప్రమేయాల మీద అది చెల్లుతుందన్న హద్దు కూడా అందులో భాగమే. శక్తి ఘనానికి సగటు కట్టబోతే ఈ పరావలయానికి కూడా అనంతమే వస్తుంది.

దీనిమీద రెండు వర్గాలున్నాయి. అనంతమైన గోడలన్నవి ప్రకృతిలో లేవు, వాటి వల్ల పుట్టిన వింతలకు భౌతిక ప్రాధాన్యం లేదు అంటుంది ఒక వర్గం. హద్దును పట్టించుకోకపోతే అనిశ్చితత్వ సూత్రమే అబద్ధమవుతుంది అంటుంది రెండోది. వృత్తం మీద తిరిగే కణానికి కోణీయ ద్రవ్యవేగం నిశ్చితంగా ఉన్నప్పుడు దాని విచలనం సున్నా. కోణపు విచలనం పరిమితం. రెండింటి లబ్ధం సున్నా. హద్దు చూడకుండా రాబర్ట్‌సన్ 1929 సూత్రాన్ని ఇక్కడ రాస్తే లబ్ధం అర హెచ్-బార్‌కు తగ్గకూడదని వస్తుంది. 2000లో ఫ్రాన్స్వా గియెరెస్ రాసిన సమీక్షా వ్యాసం ఇలాంటి వైరుధ్యాలను వరసగా పేర్చి, అన్నిటికీ మూలం ఈ హద్దును మరిచిపోవడమేనని చూపింది. మా దృష్టిలో రెండో వర్గం చెప్పేదే బలంగా ఉంది. గోడలు ఊహ కావచ్చు, హైడ్రోజన్ ఊహ కాదు. పరావలయపు ఉదాహరణ చెప్పడానికి పది నిమిషాలు చాలు. బీఎస్సీ స్థాయిలోనే దీన్ని చెప్పాలి.

ఈ సందర్భంలోనే బలహీన విలువల వివాదాన్ని తాకి వెళ్లాలి. 1988లో అహరొనోవ్, ఆల్బర్ట్, వైద్‌మన్ ఒక కొత్త రకం సగటును ప్రతిపాదించారు. మొదటి స్థితినీ ఆఖరి స్థితినీ రెండింటినీ ఎంచుకుని, మధ్యలో అతి సున్నితంగా కొలుస్తారు. స్పిన్ అర ఉన్న కణానికి ఈ పద్ధతిలో 100 కూడా రావచ్చు. నిజమైన సగటు ఎప్పుడూ అతి చిన్న ఫలితానికీ అతి పెద్ద ఫలితానికీ మధ్యే ఉంటుంది. మధ్యలో లేనిది ఎంపిక వల్ల పుట్టిన గణాంక విశేషమా, వస్తువు గుణమా అన్న వాదన ఆగలేదు.

వర్గమే ఎందుకు?

సై పరిమాణాన్నో నాలుగో ఘాతాన్నో తీసుకోకుండా వర్గాన్నే ఎందుకు తీసుకోవాలి? అది వేరే నియమంగా పెట్టుకోవలసినదా, మిగతా సిద్ధాంతం నుంచి రాలేదా? ఈ రంగంలో ఎక్కువ సిరా ఖర్చయింది ఈ ప్రశ్న మీదే.

1957లో ఆండ్రూ గ్లీసన్ నిరూపించిన సిద్ధాంతం దీనికి గట్టి ఆధారం. హిల్బర్ట్ అంతరాళానికి మూడు లేదా అంతకంటే ఎక్కువ కొలతలున్నప్పుడు, దాని ఉపాంతరాళాలకు సంభావ్యతలను పొందికగా పంచే పద్ధతులన్నీ వాన్ నాయ్‌మన్ సగటు సూత్రం నుంచే వస్తాయి. 2003లో పౌల్ బుష్ సాధారణీకరించిన కొలతల్ని కూడా లెక్కలోకి తీసుకుని రెండు కొలతలకూ దీన్ని విస్తరించాడు. అయితే గ్లీసన్ ఒక షరతును ముందే పెట్టుకున్నాడు: ఒక ఫలితపు సంభావ్యత, దాని పక్కన ఇంకేం కొలుస్తున్నామన్నదాని మీద ఆధారపడకూడదు. సిద్ధాంతం బలమంతా ఆ షరతులో ఉంది. అవకాశమన్నది అసలెందుకు వచ్చిందో గ్లీసన్ చెప్పడు. వస్తే వర్గమే ఎందుకో చెబుతాడు. ఈ రెంటి తేడా మరిచి, బోర్న్ నియమం నిరూపితమైపోయిందని రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

తక్కిన దారులు వ్యాఖ్యానాల మీద నడుస్తాయి. హ్యూ ఎవరెట్ 1957లో తెచ్చిన అనేక లోకాల భావనలో అన్ని ఫలితాలూ జరుగుతాయి. అప్పుడు ‘అవకాశం 99 శాతం’ అంటే అర్థమేమిటి? 1999లో డేవిడ్ డాయిచ్, ఆ తరవాత డేవిడ్ వాలెస్, హేతుబద్ధంగా పందెం కాసేవాడు సై వర్గాన్నే తూకంగా తీసుకుంటాడని వాదించారు. తేల్చవలసినదాన్నే షరతుల్లో దాచిపెట్టారన్నది విమర్శ. వోయ్‌చెక్ జురెక్ 2003లో వ్యవస్థకూ పరిసరానికీ మధ్య సౌష్ఠవం నుంచి వర్గాన్ని రాబట్టాడు. ఆయన మీదా అదే విమర్శ. డేవిడ్ బోమ్ 1952 మార్గంలో కణాలకు నిశ్చిత స్థానాలుంటాయి, సై వర్గం సమతాస్థితిలోని పంపకం. సమతాస్థితి కుదరని తావుల్లో బోర్న్ నియమం తప్పాలని ఆంటొనీ వాలెంటీని వాదన. అంటే తప్పును వెతికి పట్టుకోవచ్చు. డ్యూర్, గోల్డ్‌స్టైన్, జాంగీ మాత్రం మనలాంటి విశ్వాలన్నిటిలో అత్యధికం సమతాస్థితిలోనే ఉంటాయని 1992లో వాదించి ఆ ఆశను తగ్గించారు. సై అన్నది పరిశీలకుడి నమ్మకాల పట్టిక, బోర్న్ నియమం ఆ నమ్మకాలు పొందికగా ఉండాలనే షరతు అంటారు క్రిస్టఫర్ ఫుక్స్ తదితరులు. లెస్లీ బాలెంటైన్ 1970లో చెప్పిన సమూహ వ్యాఖ్యానం ప్రకారం సై ఒక్క కణానిది కాదు, ఒకేలా సిద్ధం చేసిన సమూహానిది. అప్పుడు సగటే అసలు విషయం.

వీటిని పక్కపక్కన పెడితే విభజన స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరెట్, జురెక్ దారులు వర్గాన్ని రాబట్టాలని చూస్తాయి. బాలెంటైన్‌ది, ఫుక్స్‌ది సంభావ్యతకు అర్థం చెప్పే దారులు. వర్గం తప్పే తావు ఉండవచ్చని చెప్పేది వాలెంటీని దారి ఒక్కటే. ప్రయోగానికి ఎక్కువ విలువ ఇచ్చేవాళ్లకు ఈ చివరిది ఆకర్షణీయం. కానీ ఆ తావు ఇంతవరకు దొరకలేదు.

వర్గం మీద నేరుగా ప్రయోగం చేయడం సాధ్యమే. నియమం వర్గమే అయితే వ్యతికరణం జంటలుగా మాత్రమే పుడుతుంది. మూడు చీలికలు తెరిచినప్పుడు, జంటల లెక్క తీసేశాక ఏమీ మిగలకూడదు. రఫాయెల్ సార్కిన్ 1994లో దీన్ని సూత్రంగా చెప్పాడు. ఉర్బసి సిన్హా, సహచరులు 2010లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో కాంతి కణాలతో పరీక్షించి, మిగిలేది మామూలు వ్యతికరణంలో నూటికి ఒక వంతు కంటే తక్కువని తేల్చారు. ఆ తరవాత బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థలో సాగిన పని ఇంకో మలుపు తెచ్చింది. ఒక చీలికలోంచి దూరి మరోదాని చుట్టూ తిరిగే దారుల్ని కూడా కలిపితే, బోర్న్ నియమం నిక్కచ్చిగా సరైనప్పటికీ అతి చిన్న మిగులు ఉండాలని 2014లో లెక్కగట్టారు. కాబట్టి ఇకముందు మిగులు కనిపించినంత మాత్రాన నియమం తప్పిందనడానికి లేదు. దారుల లెక్క ముందు కుదరాలి.

ఒకటి చేయకుండానే లెక్క

వాదనలు ఇలా సాగుతుండగా, అణువుల శక్తులు లెక్కించేవాళ్లు నార్మలైజేషన్‌ను చాలావరకు పక్కన పెట్టేశారు. శక్తి సమాకలనిని సై వర్గపు సమాకలనితో భాగిస్తే చాలు, ముందున్న స్థిరాంకం ఏదైనా అదే సగటు వస్తుంది. హీలియంకు కేంద్రకపు ఆవేశాన్ని 2 బదులు 27/16 అనుకుని ఒక సాదా ప్రమేయంతో ఇలా భాగిస్తే −77.5 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. ప్రయోగంలో తేలింది −79.0. ఎగిల్ హిల్లెరాస్ 1929లో ఎలక్ట్రాన్ల మధ్య దూరాన్ని కూడా ప్రమేయంలో చేర్చి ఈ తేడాను దాదాపు చెరిపేశాడు.

1965లో విలియం మెక్‌మిలన్ ద్రవ హీలియంకు మాంటె కార్లో పద్ధతిని వర్తింపజేశాడు. మెట్రోపొలిస్ బృందం 1953లో ఇచ్చిన ఉపాయంలో రెండు అమరికల సై వర్గాల నిష్పత్తి ఒక్కటే కావాలి. వందల కొలతల సమాకలనిని కట్టే పనే తప్పింది. అణువుల లెక్కల్లో అంతరమధ్య నార్మలైజేషన్ అనే ఆనవాయితీ ఉంది: సైకి తనతో తనకు కాకుండా, ఒక ఆధార స్థితితో అతివ్యాప్తి ఒకటి కావాలి. వ్యవస్థ పెరిగేకొద్దీ అసలు మొత్తం ఒకటిని దాటి ఎంతో పెరుగుతుంది, అయినా శక్తికి ఏమీ కాదు. హోయెన్‌బర్గ్, కోన్ 1964లో మొదలుపెట్టిన సాంద్రత సిద్ధాంతంలో సాంద్రత మొత్తం ఒకటికి కాదు, ఎలక్ట్రాన్ల సంఖ్యకు సమానం కావాలి.

క్వాంటం కంప్యూటర్లతో భారం వేరే చోటికి మారింది. ఆదర్శ యంత్రంలో నార్మలైజేషన్ తనంతట తానే నిలుస్తుంది. సగటును మాత్రం పదే పదే కొలిచి అంచనా వేసుకోవాలి. దోషం, కొలతల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. సగటులో ఇంకొక దశాంశ స్థానం కావాలంటే వంద రెట్లు కొలవాలి. 2014లో వచ్చిన విచరణ పద్ధతులకు ఇదే పెద్ద అడ్డంకి.

తేలనివి

సాపేక్షతలోకి వెళితే ఒకటి కావలసిన మొత్తమే మొండికేస్తుంది. క్లైన్-గోర్డన్ సమీకరణంలో కాలంతో మారని సాంద్రత రుణాత్మకం కూడా కాగలదు, కాబట్టి అది సంభావ్యత కాదు. 1934లో పౌలీ, వైస్‌కాఫ్ దాన్ని ఆవేశ సాంద్రతగా చదివారు. ష్రోడింగర్ వదులుకున్న చదువు ఇక్కడ సరిపోయింది. 1949లో న్యూటన్, విగ్నర్ కణ స్థానానికి ఆపరేటర్ కట్టారు గాని, ఒక పరిశీలకుడికి ఒక చోట ఉన్నట్లు కనిపించే కణం, వేగంగా పోయే మరొకరికి అలా కనిపించదు. సాపేక్ష కణానికి స్థానపు సగటు అంటే ఏమిటన్నది ఇప్పటికీ తెగలేదు.

1998లో బెండర్, బ్యోట్చర్ హెర్మిషియన్ కాని కొన్ని శక్తి ఆపరేటర్లకు కూడా నిజ శక్తులే ఉంటాయని చూపడంతో ఇంకో ప్రశ్న తెరుచుకుంది. అక్కడ నార్మలైజేషన్ నిలవాలంటే అంతర లబ్ధాన్నే మార్చాలి. అలా మార్చాక అది మామూలు సిద్ధాంతానికి వేరే రాతేనా, కొత్త భౌతికమా అన్నదానిపై అభిప్రాయాలు చీలాయి. గణితపరంగా చాలా సందర్భాల్లో మొదటిదేనని తేలింది. తెరిచి ఉన్న వ్యవస్థల్లో మాత్రం చర్చ నడుస్తోంది.

అన్నిటికంటే జటిలమైనది 1967 నాటి వీలర్-డెవిట్ సమీకరణం. అందులో సై విశ్వమంతటిదీ. బయటి కాలం లేదు. ష్రోడింగర్ 1926లో కాలంతో మారదని చూపిన మొత్తానికి ఇక్కడ పట్టుకొమ్మే లేదు. క్లైన్-గోర్డన్ తరహా లబ్ధం వాడితే రుణాత్మకత వస్తుంది. సౌష్ఠవ సమూహం మీద సగటు తీసి అంతర లబ్ధం కట్టే పద్ధతి 1990లలో వచ్చింది, సరళమైన నమూనాల్లో అది పని చేస్తుంది. విశ్వంలోని ఒక భాగాన్ని గడియారంగా తీసుకుని మిగతాదానికి షరతు సంభావ్యతలు కట్టాలని పేజ్, వూటర్స్ 1983లో సూచించారు. ఒకే సైకి ఈ పద్ధతులు వేర్వేరు నార్మలైజేషన్లు ఇస్తాయి, కాబట్టి విశ్వపు ఘనపరిమాణానికి వచ్చే సగటూ ఒకటి కానక్కరలేదు. వీటిలో ఏది సరైనదో తేల్చే కొలత ఇంతవరకు ఎవరి చేతిలోనూ లేదు.